అరికాల్లో తిత్తి: తీయించాలా, వదిలేయాలా?

పాదచారి:
ఎడమ అరికాల్లో, బొటనవేలి మొదట్లో శనగగింజంత గడ్డ. ఆనెకాయ అనుకుని ఎనిమిది నెలలు కార్న్ ప్లాస్టర్లు అంటించాను. పైతోలు ఊడింది గానీ గడ్డ అలాగే ఉంది. స్కానింగ్‌లో ఎపిడెర్మాయిడ్ సిస్ట్ (చర్మం కింద ఏర్పడే తిత్తి) అన్నారు. ప్రమాదం లేదు, తీయించుకోవడం మీ ఇష్టం అన్నారు డాక్టరు. ఆ ‘మీ ఇష్టం’తోనే టెన్షన్. నొప్పేం లేదు, నడిస్తే కాస్త ఒత్తుకుంటుంది, అంతే.

నిదానం:
వదిలేయండి. ఇది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అరికాల్లో కోస్తే రెండు మూడు వారాలు కుట్లు ఉంటాయి. మచ్చ గట్టిపడితే తర్వాత అదే గుచ్చుకుంటుంది.

సూటిగా:
వీపు మీదైతే నేనూ అదే అనేవాణ్ణి. అరికాలి మీద అడుగడుగునా ఒంటి బరువంతా పడుతుంది కదండీ. నాది లోపలే పగిలి వాచాక వెళ్ళాను. కోసి లోపలిది పిండేసి పంపారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. తిత్తి గోడ మొత్తం వస్తేనే పోతుంది, వాపు ఉంటే ఆ గోడ శుభ్రంగా ఊడిరాదు. అందుకే నెమ్మదిగా ఉన్నప్పుడే తీయించాలంటాను.

పాదచారి:
ఇవి వెంట్రుక కుదుళ్ళ దగ్గర వస్తాయంటారు. అరికాల్లో వెంట్రుకలేవి?

సూటిగా:
అందుకే అక్కడ అరుదు. ఏ ముల్లో గాజుపెంకో దిగినప్పుడు పైచర్మపు కణాలు లోపల చిక్కుకుంటాయి. అక్కడా అవి కెరటిన్ (చర్మం పైపొరలో, గోళ్ళలో ఉండే గట్టి పదార్థం) తయారుచేస్తూనే ఉంటాయి. బయటైతే పొట్టులా రాలిపోయేది, లోపల పోగవుతుంది. కొందరి తిత్తుల్లో హెచ్‌పీవీ (పులిపిర్లు తెచ్చే వైరస్ జాతి) 60 రకం కూడా కనిపించింది. జనం కొవ్వుగడ్డ అనేస్తారు గానీ ఇందులో ఉండేది కొవ్వు కాదు.

నిదానం:
కారణం ఏదైనా కోత కోతే. ముందు మెత్తటి సోల్ వేసి, గడ్డ తగిలేచోట గుంట చేయించి చూడండి. పెరుగుతోందేమో నెలకోసారి కొలవండి.

సూటిగా:
కొన్నాళ్ళు చూస్తానంటే నాకూ అభ్యంతరం లేదు. సూదితో పొడవడం, పిండడం మాత్రం వద్దు. తీయిస్తే ఆ ముక్కను బయాప్సీకి పంపమనండి.

పాదచారి:
ఇదంతా చదివి పాత చెప్పులు తిరగేశాను. కుడిది అడుగంతా సమంగా అరిగింది. ఎడమది బయటి అంచు ఒక్కటే అరిగింది. నొప్పి లేదనుకుంటూనే ఇన్నాళ్ళూ ఆ గడ్డను తప్పించి నడుస్తున్నానన్నమాట! తీయించేస్తాను.

నిదానం:
అలాగైతే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. తీయించాక, డాక్టరు సరేననే దాకా ఆ కాలు మీద బరువు వేయకండి.