వేరే టీమ్ కట్టిన మోడల్‌ని వాడుకుంటే నిజంగా పని తగ్గుతోందా?

ప్యాక్‌మోడల్_హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఎలా పనిచేస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపించే సిమ్యులేషన్ మోడల్స్ కట్టడం నా పని. మా దగ్గర ఈమధ్య ఒక రూలు పెట్టారు. ఇకపై ఏ టీమూ సొంతంగా మోడల్ మొదలుపెట్టకూడదు. ముందు ఉమ్మడి లైబ్రరీలో వెతకాలి, ఉంటే దాన్నే వాడాలి, మనం కట్టింది కూడా అందులోనే పెట్టాలి. వినడానికి బాగానే ఉంది. కానీ పోయిన వేసవిలో మాకు జరిగింది చెప్తాను, ఆ తర్వాత మీరే చెప్పండి.

థర్మల్ టీమ్ తమ బ్యాటరీ మోడల్‌ని ఎఫ్‌ఎమ్‌యూగా ఇచ్చింది. తెలియనివాళ్ల కోసం: ఎఫ్‌ఎమ్‌యూ అంటే మోడల్‌ని జిప్ ఫైల్‌లో కట్టి ఇవ్వడం. లోపల కంపైల్ చేసిన కోడ్ ఉంటుంది, ఇన్‌పుట్‌లూ అవుట్‌పుట్‌లూ ఏమిటో రాసిన ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఉంటుంది. దాన్ని మా బండి మోడల్‌లో పెట్టి, మే ఎండ కదా అని బయటి ఉష్ణోగ్రత 42 ఇచ్చాం. ఆ మోడల్‌కి కావలసింది కెల్విన్‌లో. 42 కెల్విన్ అంటే మైనస్ 231 డిగ్రీలు! ఎర్రర్ వచ్చినా అక్కడితో తెలిసిపోయేది, రాలేదు. సెల్ లోపలి రెసిస్టెన్స్ టేబుల్ మైనస్ 20 దగ్గర మొదలవుతుంది. అంతకంటే కిందికి ఏమిచ్చినా ఆ చివరి విలువే తీసుకుంటుంది. అందుకని గ్రాఫులు నున్నగా, నమ్మేటట్టే వచ్చాయి. రేంజ్, అంటే ఒక్క ఛార్జికి బండి పోయే దూరం, మాత్రం పడిపోయింది. లోపం సెల్స్‌లోనే ఉందనుకుని సెల్ టీమ్‌తో రెండు వారాలు వాదించాం. అసలు సంగతి తెలిశాక వాళ్ల ముఖం చూడలేకపోయాను.

ఆ రెండు వారాల్లో నాకు సరిపడా మోడల్ నేనే రాసుకునేదాన్ని. అందుకే అడుగుతున్నా, ఈ పంచుకోవడం వల్ల ఎవరికి లాభం?

బెజవాడ_సాల్వర్

నన్నడిగితే రాసుకోవడమే మేలు. ఏ మోడలైనా ఒక ప్రశ్న కోసం పుడుతుంది. థర్మల్ టీమ్ ప్రశ్న "ఏ సెల్ ఎక్కువ వేడెక్కుతోంది" అని. కాబట్టి వాళ్లు ఒక్కో సెల్‌నీ విడిగా కడతారు. మీ ప్రశ్న "ఒక్క ఛార్జికి బండి ఎంత దూరం పోతుంది" అని. దానికి ఒక రెసిస్టర్, రెండు ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) జతలు చాలు. ఇద్దరు తినే ఉప్మాకి పెళ్లివారి గాడిపొయ్యి వెలిగించినట్టవుతుంది మీ పని.

యూరప్ రాకెట్ ఏరియేన్ 5 సంగతి అందరికీ తెలిసిందే. 1996 జూన్ 4న పైకి లేచిన నిమిషంలోపే ముక్కలైంది. అంతకుముందు రాకెట్ ఏరియేన్ 4లో చక్కగా పనిచేసిన నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌నే తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్ అడ్డంగా వేగం పుంజుకోవడం ఎక్కువ. ఆ విలువ 16 బిట్ల గడిలో పట్టలేదు. పాత రాకెట్‌కి నిజమైన అంచనా కొత్తదానికి అబద్ధమైంది.

స్టుట్‌గార్ట్_తెలుగు

బెజవాడ గారూ, మీతో ఏకీభవించలేను. అది సిమ్యులేషన్ మోడల్ కాదు, రాకెట్‌లో నడిచే సాఫ్ట్‌వేర్. పైగా ఆ కథ మీకే ఎదురు తిరుగుతుంది. విచారణ బృందం నివేదిక చూడండి. నేల మీద మొత్తం సిస్టమ్‌ని పరీక్షించినప్పుడు ఆ నావిగేషన్ పరికరాన్ని పెట్టలేదు, దాని బదులు దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అసలు పరికరానికి ఏరియేన్ 5 ప్రయాణమార్గం ఇచ్చి చూసినా తప్పు బయటపడేది. తిరిగి వాడుకోవడం తప్పు కాలేదు. కొత్త చోట పరీక్షించకుండా వాడటం తప్పయింది.

ఇక్కడ జర్మనీ కార్ల కంపెనీల్లో ఇంజన్ మోడల్ ఒకరి నుంచి, గేర్‌బాక్స్ మోడల్ ఇంకొకరి నుంచి, ఒక్కోటీ ఒక్కో టూల్‌లో వచ్చేవి. అన్నీ కలిపి ఒక బండిగా నడపాలంటే నెలలు పట్టేది. ఆ బాధ పడలేకే, 2008లో మొదలైన ఒక ఉమ్మడి ప్రాజెక్ట్‌లో కార్ల కంపెనీ డైమ్లర్ ఈ పనికి చొరవ తీసుకుంది. దాన్నుంచి వచ్చిందే ఎఫ్‌ఎమ్‌ఐ స్టాండర్డ్, అంటే ఎఫ్‌ఎమ్‌యూ ఎలా ఉండాలో చెప్పే ఉమ్మడి నియమాలు. మొదటి వెర్షన్ 2010లో, రెండోది 2014లో, మూడోది 2022లో వచ్చాయి. గేర్‌బాక్స్ చేసేవాడు తన రహస్యం బయటపెట్టకుండానే మోడల్ ఇవ్వగలడు. "అన్నీ నేనే రాసుకుంటా" అంటే ఇక్కడ కుదరనే కుదరదు, ఎందుకంటే ఆ డేటా మీకు ఎవరూ ఇవ్వరు.

ప్యాక్‌మోడల్ గారూ, ఆ జిప్ విప్పి ఎక్స్‌ఎమ్‌ఎల్ చూశారా? ప్రతి ఇన్‌పుట్ పక్కనా యూనిట్ రాసే చోటుంది, కనిష్ఠం గరిష్ఠం రాసే చోటుంది. కాకపోతే రాయడం తప్పనిసరి కాదు. ఖాళీగా వదిలేసినా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది.

బెజవాడ_సాల్వర్

యూనిట్ రాస్తే అయిపోతుందా అండీ? కరెంట్ ఆంపియర్లలో అని రాశారు, సరే. ప్లస్ అంటే ఛార్జింగా, డిశ్చార్జింగా? అది యూనిట్‌లో ఉండదు. ఒకసారి నాకొచ్చిన ఫైల్‌లో విండోస్ బైనరీ ఒక్కటే ఉంది, మా సిమ్యులేషన్లు నడిపే కంప్యూటర్ల క్లస్టర్ మొత్తం లినక్స్. ఇంకోసారి వచ్చినది, ఎగుమతి చేసిన టూల్ లైసెన్స్ లేకపోతే కదల్లేదు. ఇవన్నీ దాటుకుని వచ్చేసరికి డెడ్‌లైన్ టెన్షన్. "రీయూజ్ వల్ల ఇన్ని గంటలు ఆదా" అని స్లైడ్‌లో వేస్తారు. ఇచ్చినవాడు దాన్ని సర్దిపెట్టడానికి పెట్టిన గంటలు, తీసుకున్నవాడు అర్థం చేసుకోవడానికి పెట్టిన గంటలు ఎవరి ఖాతాలో రాస్తారు?

వేరుశనగ_చేను

మీ బ్యాటరీల గురించి నాకు తెలియదు. పంటల మోడల్స్‌తో పనిచేస్తాను. అయినా ఒక మాట. మీరు ఇప్పుడు పడుతున్న ఈ గొడవే మా రంగంలో 1983 మార్చిలో మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చర్చకొచ్చింది. ఒక దేశంలో చేసిన ప్రయోగం ఇంకో దేశంలో పనికిరావాలంటే కనీసం ఏయే కొలతలు తీసుకోవాలి అన్నది అక్కడి సదస్సు విషయం. ఎండ, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన. రోజువారీ వాతావరణానికి ఈ నాలుగూ ఉండాలి. వీటికి మట్టి వివరాలు, విత్తిన తేదీ లాంటివి తోడవుతాయి. డీఎస్‌ఎస్‌ఏటీ అనే పంటల మోడల్స్ ప్యాకేజీ ఆ ఒప్పందం మీదే పెరిగింది, 1989లో మొదటిసారి బయటికొచ్చింది. వరికీ మొక్కజొన్నకీ వేరుశనగకీ మోడల్స్ వేరు, వాతావరణం ఫైల్ మాత్రం ఒకటే తీరు. ఫ్లోరిడాలో పుట్టిన వేరుశనగ మోడల్‌ని మనవాళ్లు అనంతపురం చేలకి వాడగలిగారంటే కారణం అదే.

అలాగని కష్టం లేదని కాదు. ఆ ఫైల్స్‌లో కొలత లేని చోట మైనస్ 99 అని రాస్తారు. మోడల్‌కి అది తెలుసు. ఒక విద్యార్థి తన సొంత స్క్రిప్ట్‌తో సగటు వాన లెక్కకట్టాడు, మైనస్ 99లు కూడా కలిసిపోయి ఆ ఏడాది మొత్తం కరువు కనిపించింది. విత్తన రకాల విషయం ఇంకా సున్నితం. ఒక చోట ఒక రకానికి సర్దిన గుణకాలు తెచ్చి ఇక్కడి రకానికి పెడితే దిగుబడి అంకె వస్తుంది, ఆ అంకె తప్పు. మోడల్ సమీకరణాలు పంచుకోవచ్చు, సర్దుబాటు మాత్రం ఎవరి చేలో వాళ్లు చేసుకోవాల్సిందే.

స్టుట్‌గార్ట్_తెలుగు

వేరుశనగ గారూ, ఇది మాకు చాలా పనికొచ్చే మాట. 1983 సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. బెజవాడ గారి ప్లస్, మైనస్ గుర్తుల ప్రశ్నకి: సిమ్యులేషన్ మోడల్స్ రాసే మోడెలికా భాషలో ఒక పద్ధతి ఉంది. కరెంటైనా నీళ్లైనా ఏ భాగంలోకి వస్తే అది ప్లస్, బయటికి పోతే మైనస్. బ్యాటరీకీ పైపుకీ అన్నిటికీ అదే. ఆ భాషలో రాసినవాళ్ల మధ్య ఈ గొడవ చాలావరకు రాదు. ఎఫ్‌ఎమ్‌యూగా బయటికి తీసేటప్పుడే ఎవరికి తోచినట్టు వాళ్లు గుర్తు మారుస్తారు.

ప్యాక్‌మోడల్_హైదరాబాద్

ఈరోజు ఆ జిప్ విప్పి చూశాను. యూనిట్ దగ్గర ఖాళీ. వివరణలో "పరిసర ఉష్ణోగ్రత" అని ఒక్క ముక్క. కట్టినాయన వేరే టీమ్‌కి వెళ్లిపోయారు, ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడారు. అప్పుడు ఆయనకి ఇచ్చిన సమయం మోడల్ కట్టడానికే చాలలేదట. లైబ్రరీలో పెట్టమన్న రోజు సాయంత్రమే పెట్టేశారట. ఆయన్ని ఏమనగలను? బెజవాడ గారు అడిగిన గంటల లెక్క నిజమే, దాన్ని మా మేనేజర్ ముందు అలాగే పెట్టాను. లైబ్రరీలో పెట్టే ప్రతి మోడల్‌కీ కట్టినవాళ్లకు విడిగా మూడు రోజులు ఇవ్వాలని అడిగాను. రెండు రోజులకి ఒప్పుకున్నారు.

ఆ రెండు రోజుల్లో నా మోడల్‌తో పాటు ఒక సీఎస్‌వీ ఫైల్ (అంకెల పట్టిక) పెడుతున్నాను. పది నిమిషాల కరెంట్, ఉష్ణోగ్రత ఇన్‌పుట్, దానికి రావలసిన వోల్టేజ్. తీసుకున్నవాళ్లు తమ దగ్గర ముందు దీన్ని నడిపి, అంకెలు కలిశాకే మిగతా పని మొదలుపెట్టాలి. టేబుల్ హద్దు దాటితే చివరి విలువతో సరిపెట్టుకోవడం తీసేశాను, ఇక అక్కడే ఆగిపోయి ఎర్రర్ చూపిస్తుంది. ఏ పనికి కట్టానో, ఏ పనికి వాడకూడదో కూడా నాలుగు వాక్యాలు తెలుగులోనే రాసి, తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టాను. ముందు తెలుగులో రాస్తే నాకే విషయం తేటగా వచ్చింది.

బెజవాడ_సాల్వర్

రేంజ్ లెక్కకి ఇప్పటికీ నేనైతే సొంతంగానే రాసుకుంటా. కానీ ఆ సీఎస్‌వీ ఉంటే మీ మోడల్ తీసుకుని చూస్తాను, అది వేరే సంగతి. అందులో కరెంట్ ప్లస్ అంటే ఏమిటి?

ప్యాక్‌మోడల్_హైదరాబాద్

ఛార్జింగ్ ప్లస్. అది రాయలేదండీ, ఇప్పుడే చేరుస్తున్నా.