పన్నెండు మంది కొలతలు చూసి జట్టు నుంచి తప్పించవచ్చా?

సింగరాయకొండ పీఈటీ:
మా హైస్కూల్లో కబడ్డీ ఆడే అమ్మాయిలు పన్నెండు మంది. ఒక్కొక్కరినీ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమని స్టాప్‌వాచ్‌తో సమయం పట్టాం. వారంలో ఎన్ని గంటలు వ్యాయామం చేశారో వాళ్ల చేతనే రాయించాం. డిగ్రీ చదివే మా పాత విద్యార్థి లెక్క కట్టి, రెండింటి మధ్య సహసంబంధ గుణకం (ఒకటి పెరిగితే రెండోదీ ఎంతగా కలిసి పెరుగుతుందో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.5 వచ్చిందన్నాడు. ఇక పెద్దలు కొందరు, అందరికంటే తక్కువ సేపు నిలబడ్డ ముగ్గురినీ ఒంగోలు ఎంపిక పోటీలకు పంపవద్దని పట్టుబడుతున్నారు. ఆ ముగ్గురిలో మా మంచి రైడర్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

పెన్నా ఒడ్డు:
పంపండి మాస్టారూ, ఆలోచన దేనికి? కూతకు వెళ్లిన పిల్ల కళ్లు మూసుకుంటుందా? బోనస్ పాయింటు రావాలంటే ఒక కాలు బోనస్ గీత దాటి నేలకు తగలాలి, అదే క్షణంలో వెనక కాలు గాలిలో ఉండాలి. ఎదురుగా కనీసం ఆరుగురు కాచుకుని ఉంటారు. నిలకడ అంటే అది. వరండా గచ్చు మీద కొంగజపం కాదు.

కావలి లెక్కల పంతులు:
ముందు ఆ 0.5 సంగతి చూద్దాం. పన్నెండు మందిని కొలిచినప్పుడు గుణకం 0.576 దాటితేనే ఐదు శాతం స్థాయిలో దాన్ని పరిగణిస్తారు. అంటే అసలు సంబంధమే లేకపోయినా కాకతాళీయంగా అంత గుణకం వచ్చే అవకాశం ఐదు శాతం లోపే ఉండాలి. ముప్పై మంది ఉంటే 0.361 చాలు. దాటినా కారణం తేలినట్టు కాదు. పదో తరగతి పిల్లలు ఎనిమిదో తరగతి వాళ్లకంటే ఎక్కువ సాధన చేస్తూ ఉండవచ్చు, వయసు వల్ల నిలకడా ఎక్కువ ఉండవచ్చు. అప్పుడు వయసు చేసిన పని వ్యాయామం ఖాతాలో పడుతుంది.

సగటు చూశారా, మధ్యగతం (వరసగా పేర్చితే నడుమ వచ్చే అంకె) చూశారా? మాటవరసకు ఐదుగురి సమయాలు 6, 7, 8, 9, 40 సెకన్లు అనుకోండి. సగటు 14. ఆ 40 సెకన్ల అమ్మాయి పుణ్యమా అని మిగతా నలుగురూ ‘సగటుకంటే తక్కువ’ అయిపోతారు! మధ్యగతం మాత్రం 8. ఇంతకీ ఒక్కొక్కరినీ ఎన్నిసార్లు నిలబెట్టారు?

సింగరాయకొండ పీఈటీ:
ఒక్కసారే. ఈలోగా మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేశారు.

నెల్లూరు ఫిజియో:
అయితే ఆ కాగితం పక్కన పెట్టండి. ఇలాంటి పరీక్షలో అలవాటయ్యే కొద్దీ ఫలితం మెరుగవుతుంది, అందుకే ముందు కొన్నిసార్లు చేయించి ఆ తర్వాతే నమోదు చేస్తారు.

కానీ కొలతలన్నింటినీ కొంగజపం అంటే ఒప్పుకోను. వై బ్యాలెన్స్ పరీక్షలో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని ముందుకు, వెనక రెండు పక్కలకు ఎంత దూరం చాపగలరో చూస్తారు. ఆ దూరాన్ని కాలి పొడవుతో భాగిస్తారు కాబట్టి పొడుగు కాళ్లవాళ్లకు అయాచిత లాభం ఉండదు. దీనికి మాతృక అయిన స్టార్ ఎక్స్‌కర్షన్ పరీక్షతో అమెరికాలో 235 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ముందుకు చాపే దూరంలో కుడి ఎడమల తేడా 4 సెంటీమీటర్లు దాటినవాళ్లకు కాలి గాయాల అవకాశం రెండున్నర రెట్లు కనిపించింది. అది ఎవరిని కాపాడుకోవాలో చెప్పే లెక్క. ఎవరిని తీసేయాలో చెప్పేది కాదు.

ఉలవపాడు అమ్మ:
ఆ గంటల కాగితం గురించి ఎవరూ అడగరేం? మా అమ్మాయి చేత కూడా ఇలాగే రాయించారు. ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తానికీ ‘రోజుకు గంట’ అని ఒక్క ఊపున నింపేసింది. బడికి సైకిల్ తొక్కింది, నీళ్లు మోసింది అందులో ఎక్కడా లేదు.

కావలి లెక్కల పంతులు:
బాగా పట్టుకున్నారమ్మా. అందరూ ఒకే అంకె రాస్తే క్రమవిచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, సున్నా అవుతుంది, గుణకం కట్టడమే కుదరదు.

సింగరాయకొండ పీఈటీ:
పోనీ, ఆ ముగ్గురికీ నెల రోజులు ప్రత్యేక వ్యాయామం చేయించి మళ్లీ కొలుస్తాను. పెరిగితే పెద్దల నోళ్లు మూయించవచ్చు.

కావలి లెక్కల పంతులు:
అక్కడే పప్పులో కాలేస్తారు. అట్టడుగున ఉన్నవాళ్లనే ఏరి మళ్లీ కొలిస్తే, ఏమీ చేయించకపోయినా కొంత పెరుగుతుంది. మొదటి రోజు నిద్ర చాలకో, కాలు నొప్పిగా ఉండో వెనకబడ్డవాళ్లు ఆ గుంపులో ఉంటారు కదా. బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ 1886లోనే తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు పోల్చి ఈ సగటు వైపు మళ్లడాన్ని చూపించాడు. చీట్లు వేసి ఆరుగురికి కొత్త వ్యాయామం, ఆరుగురికి మామూలు సాధన ఇవ్వండి. ఎవరి మార్పు వాళ్లకు రాసి, రెండు జట్ల మార్పులనూ పోల్చండి. ఆరుగురికి ఆరుగురే కాబట్టి పెద్ద తేడా ఉంటేనే బయటపడుతుంది, చిన్నది కనిపించదు.

పెన్నా ఒడ్డు:
నెల రోజులట! ఎంపిక పోటీలు మీ చీట్ల కోసం ఆగుతాయా?

సింగరాయకొండ పీఈటీ:
ఆగవు, వచ్చే వారమే. ముగ్గురినీ తీసుకెళుతున్నాను. ఒంగోలు నుంచి తిరిగొచ్చాక చీట్లు వేస్తాను.

పెన్నా ఒడ్డు:
వేస్తే వేశారు గానీ, ఈసారి కొలత బోనస్ గీత దగ్గర పెట్టండి. గచ్చు మీద పెడితే నేను నమ్మను.

కావలి లెక్కల పంతులు:
గీత దగ్గరే పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. అయితే కొలిచేవాళ్లు ఇద్దరుండాలి, ఏ అమ్మాయి ఏ జట్టులో ఉందో వాళ్లకు తెలియకూడదు. మాస్టారూ, మీరు మాత్రం కొలవవద్దు.