విజయనగరం స్టేషను దగ్గరి పాత లాడ్జి నిజంగా తొలి రైలు నాటిదేనా?

ప్రశ్న

విజయనగరం రైల్వే స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో రెండంతస్తుల పాత లాడ్జి ఒకటి ఉంది. కింద వరుసగా కొట్లు, పైన పొడవాటి వరండా, అందులోకి తెరుచుకునే పన్నెండు గదులు, పెరట్లో నుయ్యి, దానిని ఆనుకుని విడిగా కట్టిన వంటశాల ఉన్నాయి. పార్వతీపురంలో చింతపండు వ్యాపారం చేసిన మా తాతగారు రాత్రి బండి దిగినప్పుడల్లా అక్కడే బస చేసేవారు. ఆ కట్టడాన్ని త్వరలో పడగొట్టబోతున్నారు. ఊళ్లో అందరూ దానిని "మొదటి రైలు వచ్చిననాటి హోటలు" అంటారు. ఈ మాట నిజమో కాదో తేల్చుకునే దారి ఏమిటి? లోపల చూడడానికీ ఫొటోలు తీయడానికీ యజమానులు దయతో ఒప్పుకున్నారు.

మొదటి సమాధానం

తొలి రైలు నాటిదన్న మాట నాకు అంత సులువుగా నమ్మబుద్ధి కావడం లేదు. బెజవాడ నుంచి కటకం వైపు వెళ్లే ఈస్ట్ కోస్ట్ రైల్వే మార్గం 1893–96 మధ్య విడతలవారీగా తెరుచుకుంది. ఆ రోజుల్లో మన ఊరికి వచ్చే ప్రయాణికుడికి బంధువుల ఇల్లో, సత్రమో, పూటకూళ్లిల్లో దిక్కు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఒక ముఖ్యపాత్ర కావడం ఊరకే జరిగింది కాదు. డబ్బిచ్చి అన్నం తినే చోటు అంటే ఈ ఊరివాళ్లకు ముందుగా తట్టేది ఆ ఇల్లే. పరాయివాడు వండిన అన్నం తినడానికి వెనకాడే సమాజంలో, రైలు వచ్చిన మరుసటి ఏడాదే పన్నెండు గదుల లాడ్జి నిండిపోతుందని ఎవరూ పెట్టుబడి పెట్టి ఉండరు.

నా ఉద్దేశంలో ఊరి రాత మార్చింది మొదటి రైలు కాదు, జంక్షను. ఈ మార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీ 1908–09 నాటికి విజయనగరం నుంచి పార్వతీపురం దాకా కొత్త దారి వేసింది. దానిని రాయగడ మీదుగా రాయపూరు వరకు పొడిగించడం 1931లో పూర్తయింది. మధ్యపరగణాల (ఇప్పటి ఛత్తీస్‌గఢ్ తదితర ప్రాంతాల) సరుకును విశాఖ రేవుకు చేర్చడమే ఆ దారి ఉద్దేశం. రేవు కూడా 1933లో తెరుచుకుంది. అప్పటి నుంచి ఒక బండి దిగి, తెల్లవారి మరో బండి కోసం కాచుకోవలసిన వర్తకులు, గుమాస్తాలు, విద్యార్థులు విజయనగరంలో ఎక్కువయ్యారు. రాత్రి పడక కోసం డబ్బిచ్చేవాళ్లు వాళ్లే. మీ తాతగారు దిగిన బండి కూడా ఆ దారిదే కదా.

రెండవ సమాధానం

పై వాదం సబబుగానే ఉంది, కానీ కట్టడాన్నే అడగడం మేలు. మొదట కప్పు చూడండి. టేకు వాసాల మీద పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో పేర్చి గానుగ సున్నంతో కట్టిన మద్రాసు టెర్రసు అయితే సిమెంటు వ్యాపించక ముందు నాటిదని అనుకోవచ్చు. వంటశాల మీద మనవాళ్లు బెంగుళూరు పెంకు అని పిలిచే మంగుళూరు పెంకు ఉంటే, ఒకటి తిరగేసి చూడండి. చేసిన కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటుంది.

అన్నింటికన్నా పనికివచ్చేవి దూలాలు. స్టేషను దగ్గరి పాత ఇళ్లలో కొట్ల ద్వారబంధాల మీద, వరండా కింద రైలు పట్టాలను దూలాలుగా వేసేవారు. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలతో కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. అయితే ఆ సంవత్సరాన్ని ఇంటి వయసుగా తీసుకోకండి. పట్టా ఏళ్ల తరబడి బళ్లను మోసి, అరిగి, వేలంలో అమ్ముడైన తరువాతే ఇంటికి దూలమయ్యేది.

మూడవ సమాధానం

కాగితాల సంగతి కూడా చెబుతాను. రిజిస్ట్రేషను కార్యాలయంలో కంప్యూటరు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి చేతిరాత సూచికలు వెతికించాలని దరఖాస్తు పెట్టుకోవాలి. యజమానుల దగ్గరున్న పాత దస్తావేజులో హద్దులు చదవండి: "తూర్పు ఫలానావారి ఖాళీస్థలం" అని ఉంటే చుట్టుపక్కల ఇళ్లు లేచే కాలమూ తెలుస్తుంది. ఆ నేల సంస్థానం వారిదై ఉండే అవకాశం ఎక్కువ కనుక అమ్మకం కాక కౌలు కాగితం దొరకవచ్చు. విజయనగరం జిల్లా 1979లోనే ఏర్పడింది కాబట్టి పాత జిల్లా దస్త్రాల కోసం విశాఖపట్నం కూడా వెళ్లవలసి వస్తుంది.

మాది శ్రీకాకుళం. మా ఊరి స్టేషను శ్రీకాకుళం రోడ్డు పేరుతో ఆమదాలవలసలో, పట్టణానికి పది కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. అందువల్ల మా ఊళ్లో రైలును నమ్ముకుని అటువంటి లాడ్జి పుట్టనే లేదు. మీ ఊళ్లో మిగిలిన దానిని కొలతలతో సహా రాసిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వెళ్లి వరండా కింది దూలం మీద సున్నం గీకి చూశాను. అది పట్టాయే. సంవత్సరం అంకెలు తుప్పులో పోయాయి కానీ టాటా అన్న పేరు స్పష్టంగా ఉంది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

జంషెడ్‌పూరులో టాటావారి ఉక్కు తయారీ 1912లో మొదలైంది. కనుక ఆ దూలం వేసినది తొలి రైలు వచ్చిన చాలా ఏళ్లకు. ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోవాలి: దూలం గోడలో కూర్చున్న చోట చుట్టూ గానుగ సున్నమే ఉంటే అది కట్టినప్పటిది, సిమెంటు మాటు కనిపిస్తే తరువాతి మరమ్మతు. కూల్చేలోగా ఆ రెండు కొసలనూ దగ్గరగా ఫొటో తీయండి.