రెండు పిన్నుల సాకెట్ తీసి మూడు పిన్నులది పెడితే సరిపోతుందా?

బెజవాడ_అద్దె: మాది పాత మేడలో పై వాటా. చెక్క బద్దల మీద వైరింగ్, అన్నీ రెండు పిన్నుల సాకెట్లే. వాషింగ్ మెషిన్ కోసం ఓనర్ గారు మనిషిని పంపి మూడు పిన్నులది వేయించారు. మెయిన్ ఆపి కవర్ తీస్తే, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపి ఉంది. ఇది సేఫేనా?

వైర్‌మ్యాన్_గుంటూరు: కంగారు పడకండి. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ చేసే ఉంటారు. రెండూ ఒకటే. నేను కలిపిన చోట ఎవరికీ షాక్ కొట్టలేదు.

సరళ_ఈఈఈ: ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకటే, సాకెట్ దగ్గర కాదు. స్తంభం నుంచి మీ ఇంటిదాకా న్యూట్రల్ ఎక్కడ ఊడినా, మెషిన్ లోపలి నుంచే ఫేజ్ కరెంటు (సరఫరా తెచ్చే వైరుది) వచ్చి ఆ ముక్క మీదుగా బాడీకి ఎక్కుతుంది. మెషిన్ తిరగదు, ఏమైందా అని చెయ్యి వేస్తారు. 230 వోల్టులు! గాలివాన తర్వాత లైను కలిపేటప్పుడు ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా అంతే. ఎర్తింగ్ నియమావళి ఐఎస్ 3043 ఒకసారి చూడండి.

రాజు_తణుకు: ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయండి.

బెజవాడ_అద్దె: అసలు గుంతే లేదండీ.

వైర్‌మ్యాన్_గుంటూరు: పుస్తకం చూసి చెప్పడం తేలికేనమ్మా. నిరుడు ఒక ఇంట్లో ఎర్త్ వైరు లాగాలన్నాను. ఓనరు పని ఆపించి, చేసినదానికి కూలి కూడా ఎగ్గొట్టి, ఇంకొకణ్ణి పిలుచుకున్నాడు. వాడు ముక్క కలిపి వెళ్లాడు.

సరళ_ఈఈఈ: అంటే తప్పని మీకూ తెలుసు! మరి "రెండూ ఒకటే" అని ఎందుకన్నారు? గోడ పగలగొట్టక్కర్లేదు. కింద గుంత తీసి, అక్కణ్ణుంచి ఆకుపచ్చ వైరు ఒకటి గోడ మీద పట్టీలో మెషిన్‌కూ గీజర్‌కూ లాగితే చాలు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట ఆగిపోయే స్విచ్) పెట్టించాలి. ఎర్త్ లేని చోట కూడా, ఒంట్లోంచి కరెంటు నేలకు పోతుంటే అది పడిపోయి సరఫరా ఆపేస్తుంది. ఫోన్ ఛార్జర్లకు రెండు పిన్నులవే ఉండనివ్వండి.

సొంతిల్లు_ఏలూరు: వచ్చే అద్దె సున్నాలకే చాలదు. మెషిన్ వాళ్లది, వైరు మేం వేయించాలా?

వైర్‌మ్యాన్_గుంటూరు: అదీ అసలు గొడవ! ఇద్దరూ పెట్టరు, ఏదైనా జరిగితే పేరు మాత్రం నాది.

బెజవాడ_అద్దె: మా ఓనర్ గారిదీ ఇదే మాట. ఖర్చు నన్నే పెట్టుకోమన్నారు. ఇల్లు ఖాళీ చేస్తే ఆ గుంత ఆయనకే కదా మిగిలేది?

సరళ_ఈఈఈ: అద్దెకిచ్చిన ఇంట్లో ఎర్త్ ఓనరు బాధ్యతే అంటాను. అది తేలేదాకా ఆ ముక్క తీయించి, మెషిన్ ప్లగ్ పీకి పెట్టండి.