ఎంఓయూలు సరే, మన వైజాగ్ పిల్లలకి పని నేర్పేదెవరు?

గాజువాక_లెక్చరర్:
పరవాడ ఫార్మా యూనిట్లతో ఎంఓయూ, అంటే రాతపూర్వక ఒప్పందం, చేయించమని మా డిగ్రీ కాలేజీ మేనేజ్‌మెంట్ నా వెంటపడుతోంది. బీఎస్సీ కెమిస్ట్రీ బ్యాచ్, సగం పైన ఆడపిల్లలే. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది, అది సర్టిఫికెట్‌తో ఆగిపోకుండా ఉద్యోగం దాకా వెళ్లాలని నా ఆరాటం. స్టైపెండ్ ఎంత అడగాలి, బస్సు ఎవరు పెట్టాలి, చివర్లో ఎంతమందిని తీసుకుంటారో ముందే రాయించుకోవచ్చా? చేయించినవాళ్లు చెప్పండి.

డాక్‌యార్డ్_ఫిట్టర్:
డిగ్రీ సంగతి నాకు తెలీదు. నేను కంచరపాలెం ఐటీఐ, ఆ తర్వాత నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్. పక్కింటి బీటెక్ అన్న నన్ను చూసి నవ్వేవాడు. ఉద్యోగం గ్యారంటీ లేదని వాళ్లు ముందే చెప్పేస్తారు, అయినా జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్ చేతికొచ్చాక నేను ఖాళీగా లేను. ఆ అన్న ఇప్పటికీ అమీర్‌పేటలో కోర్సులు చేస్తున్నాడు.

క్యూసీ_సీనియర్:
సార్, పదిహేనేళ్లుగా క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నాను, నా మాట వినండి. ఎంఓయూ మీద సంతకం పెట్టేది హెచ్‌ఆర్, ల్యాబ్‌లో పిల్లల్ని భరించేది మేము. మొదటి రోజు పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ కాగితంలో రాయించండి, లేకపోతే నెలంతా జిరాక్సులు తీస్తూ కూర్చుంటుంది. ఇంకోటి, మీ కాలేజీల్లో ఏం నేర్పుతున్నారో గానీ పోయినసారి వచ్చిన ఇంటర్న్ లాగ్‌బుక్‌లో రీడింగ్ తప్పు రాసి శుభ్రంగా వైట్‌నర్ పూసేసింది! మా దగ్గర తప్పు పడితే ఒక్క గీత కొట్టాలి, కింద పాత అంకె కనపడాలి, పక్కన సంతకం, తేదీ, కారణం. ఆడిటర్ ఆ పేజీ చూసుంటే మా పని అయిపోయేది.

రికార్డులు_దిద్దే_మేడం:
వైట్‌నర్ గురించి మాకు చెప్తున్నారా? నలభై మందికి ఆరు బ్యూరెట్లు, అందులో రెండు కారతాయి. మందులో ఏది ఎంతుందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మా పిల్లలు ఫొటోలోనే చూస్తారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి రికార్డులో కొట్టివేత కనిపిస్తే మార్కులు పోతాయి, అందుకే పూస్తారు. మీరు ఒక్కసారైనా వచ్చి గంట క్లాసు చెప్పారా?

క్యూసీ_సీనియర్:
పిలిస్తేగా మేడం. గెస్ట్ లెక్చర్ అని పిలిచి శాలువా కప్పి ఫొటో తీసి పంపేస్తారు.

రికార్డులు_దిద్దే_మేడం:
శాలువా వద్దనండి అయితే. ఆ మిషన్ గీసిచ్చే గ్రాఫులు, అవే పాత క్రొమాటోగ్రామ్‌లు, కంపెనీ పేరు కొట్టేసి పది ఇవ్వండి, పాఠం మేమే చెప్పుకుంటాం.

క్యూసీ_సీనియర్:
కంపెనీ డేటా బయటికి రాదు మేడం, నా ఉద్యోగం పోతుంది. ఖాళీ లాగ్‌బుక్ ఫార్మాట్ లాంటిది మీరే గీసుకుని మొదటి ఏడాది నుంచే ప్రాక్టికల్స్ అందులో రాయించండి, గీత కొడితే మార్కు తీయకండి. దానికి ఎంఓయూ కూడా అక్కర్లేదు.

ఎండాడ_నాన్న:
మీరు వైట్‌నర్ దగ్గరే ఉన్నారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ పేలుడులో 17 మంది పోయారు. మా అమ్మాయిని రియాక్టర్ల పక్కకి పంపుతారా, ల్యాబ్‌కేనా? ఆ ముక్క ఎంఓయూలో ఎవరు రాయిస్తారు?

2020_బ్యాచ్:
మా బ్యాచ్‌కే మొదటిసారి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. అందులో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, అంటే ఊళ్లో సర్వే ఫారాలు నింపడం. తర్వాత డబ్బు కడితే వాట్సాప్‌లో సర్టిఫికెట్ పంపేవాళ్లు దొరికారు, మా కాలేజీ వాళ్లే నంబరిచ్చారు. నాతోపాటు ఇంకొకరు తప్ప క్లాసులో అందరూ కొన్నారు. మేమిద్దరం ఇంటర్న్‌షిప్‌కి రోజూ దువ్వాడ వెళ్లొచ్చాం, వైవాలో అందరికీ ఒకటే గ్రేడు. ఇక ఎవడు వెళ్తాడు చెప్పండి.

రూల్స్_రాజు:
ఇక్కడ ఎవరికీ బేసిక్స్ తెలిసినట్టు లేదు. ఇంటర్న్ వేరు, అప్రెంటిస్ వేరు. 1961 అప్రెంటిస్ చట్టం కింద కాంట్రాక్టు ఉంటేనే స్టైపెండ్ హక్కు. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాల్సిందే. 2019 రూల్స్‌లో గ్రాడ్యుయేట్‌కి నెలకి కనీసం 9,000, డిప్లొమాకి 8,000 అని పెట్టారు. లెక్చరర్ గారు ఇంటర్న్‌షిప్ వదిలేసి డిగ్రీ అయ్యాక నాట్స్ (డిగ్రీ, డిప్లొమా వాళ్ల కోసం కేంద్రం నడిపే అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్ అడగాలి.

2020_బ్యాచ్:
స్టైపెండ్ గవర్నమెంటే మొత్తం కడుతుందట కదా, ఇంకా కంపెనీలకి ఏడుపెందుకు?

రూల్స్_రాజు:
ఎవరు చెప్పారు నాయనా? నాట్స్‌లో కేంద్రం ఇచ్చేది కనీస స్టైపెండ్‌లో సగం. ఐటీఐ వాళ్ల అప్రెంటిస్ పథకం నాప్స్‌లో పావు వంతు, అదీ నెలకి 1,500 దాటదు.

డాక్‌యార్డ్_ఫిట్టర్:
9,000కి గాజువాకలో రూమ్ అద్దె, తిండి కలిపి ఏం మిగులుతుంది రాజు గారూ? రూల్ చదవడం వేరు, బతకడం వేరు.

రూల్స్_రాజు:
నేనేమైనా రూల్ రాశానా? అడిగిన దానికి చెప్పాను. చదువుకోకుండా మీద పడిపోతారేంటి.

డాక్‌యార్డ్_ఫిట్టర్:
చదువుకోనిదెవరు? టర్నింగ్ మిషన్ ముందు నిలబడండి ఓ పూట, తెలుస్తుంది.

మోడరేటర్:
ఇద్దరూ ఆగండి. చదువుల మీద వెక్కిరింతలు తీసేస్తాను.

మధురవాడ_కుర్రాడు:
ఫార్మా ఎందుకు సార్, గూగుల్ డేటా సెంటర్ వస్తోందిగా, అందరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే!

డాక్‌యార్డ్_ఫిట్టర్:
తమ్ముడూ, డేటా సెంటర్ లోపల ఎక్కువ కనిపించేది చల్లబరిచే మిషన్లు (చిల్లర్లు), ప్యానెల్ బోర్డులు, డీజిల్ జనరేటర్లు. కోడింగ్ వాళ్లకంటే ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ ముందు కావాలి. కంచరపాలెం వాళ్లే మళ్లీ.

అనకాపల్లి_మనిషి:
టైటిల్‌లో వైజాగ్ పిల్లలు అని రాసి పరవాడ గురించి అడుగుతున్నారు. 2022 ఏప్రిల్ నుంచి పరవాడ అనకాపల్లి జిల్లా. మా పిల్లల వంతు కూడా చూడండి.

గాజువాక_లెక్చరర్:
నేనడిగిన మూడింటిలో స్టైపెండ్‌కి మాత్రం జవాబొచ్చింది. రాజు గారూ, థాంక్స్. క్యూసీ గారు చెప్పినట్టు ల్యాబ్‌లో బాధ్యుల పేరు, ఎండాడ నాన్నగారు అన్నట్టు ల్యాబ్ తప్ప ప్రొడక్షన్ బ్లాక్‌లోకి పంపరాదన్న మాట, రెండూ డ్రాఫ్ట్‌లో పెట్టాను. తీసుకునేవాళ్ల సంఖ్య రాయడానికి హెచ్‌ఆర్ ఫోన్‌లోనే నవ్వేశారు. బస్సు మాత్రం తేలలేదు. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక పరవాడ నుంచి కూర్మన్నపాలెం వైపు ఆడపిల్లలు ఎలా వస్తున్నారో అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా చెప్తారా?

అనకాపల్లి_మనిషి:
షేర్ ఆటోలే సార్. ఏడు దాటితే అవి కూడా డౌటే.