ఈ వారం సమస్య: చేప యెక్కెను కొండపై చెట్టు కొమ్మ

మొన్న జనవరిలో ఎగ్మూరులో రాత్రి రైలెక్కి, కోడై రోడ్డులో దిగి, ఘాట్ బస్సులో కొడైకెనాల్ చేరుకున్నాను. చెరువు దగ్గర తట్టిన పాదమిది. 1863లో మదురై కలెక్టరు లెవింజ్ కట్ట వేయించిన చెరువు. నక్షత్రంలా పాయలు పాయలుగా ఉంటుంది. ఇదే చివరి పాదంగా, ముందు మూడు పాదాలూ మీరు రాసి, తేటగీతి ఛందస్సులో పూరించండి. ఋతువు మీ ఇష్టం.

అన్నానగర్ అక్కయ్య పూరణ

అలలు లేనట్టి కొలను దా నద్దమయ్యె
తలను దిగువకు వంచిన తరువు మెరిసె
నీట నాకొమ్మ నీడపై నెగిరి వ్రాలి
చేప యెక్కెను కొండపై చెట్టు కొమ్మ

మైలాపూరు మాస్టారు: ఊహ బాగుంది. మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, తప్పింది. ‘పైన్ + ఎగిరి’లో నకారం ద్రుతానిది (మాట చివర చేరే ‘న్’), యతి ‘ఎ’కు చూడాలి. ‘నీ’కి చెల్లదు. ‘నీడపై నిలిచె ననగ’ అంటే సరి.

అక్కయ్య: యతి బతికింది, చేప చచ్చింది మాస్టారూ! నీళ్లలోంచి ఎగిరిన చేప ఎక్కడైనా నిలుస్తుందా? ఇది చూడండి:

నెగిరి యాకొమ్మ నీడపై నిట్టె వ్రాలి

మాస్టారు: ‘మెరిసెన్ + ఎగిరి’, ‘పైన్ + ఇట్టె’. ఎ–ఇ యతి. నా ద్రుతాన్ని నాకే అప్పజెప్పావమ్మా, ఒప్పుకున్నాను. ఒక్క మాట: అలలు లేని చెరువు తెల్లవారుజామునే దొరుకుతుంది. పడవలు కదిలితే అద్దం ముక్కలే.

పెరంబూరు తమ్ముడు (చలికాలం)

మంచు తెర చీల్చి లకుముకి మడుగు లోన
మునిగి ముక్కున గఱచి తా ముదము తోడ
తీరమున నున్న నెలవుకు తిరిగి రాగ
చేప యెక్కెను కొండపై చెట్టు కొమ్మ

మాస్టారు: గణాలు (పొడుగు, పొట్టి అక్షరాల కొలతలు), యతులు సరే. ‘ముదము తోడ’ ఎందుకు నాయనా? పాదం నిండకపోతే అందరం మోదంతోనో ముదంతోనో నింపేస్తాం. పిట్ట సంతోషం నీకెలా తెలిసింది?

అక్కయ్య: ‘ముళ్లతోడ’ అను తమ్ముడూ. అక్షరం తగ్గినా గణం చెడదు, పిట్ట ఆకలి కూడా తెలుస్తుంది.

వేళచ్చేరి కొత్త సభ్యురాలు (మే నెల)

గాలి బుడగను చేపగా కట్టి తేగ
పాప చేజారి పైపైకి పరుగు లిడియె
వేసవి జనము చూడగా వింత గాను
చేప యెక్కెను కొండపై చెట్టు కొమ్మ

మాస్టారు: ‘వింత గాను’ కాస్త పేలవం. అయినా సీజనులో ఆ చెరువు చుట్టూ ఉండే తిరునాళ్లంతా ఇందులో ఉంది. ఈ వారం నా ఓటు దీనికే. వానకాలం పూరణ ఒక్కటీ రాలేదేం?

తమ్ముడు: నవంబరులో వెళ్లాను మాస్టారూ. ఇక్కడి వానే అక్కడా. రెండు రోజులు మబ్బు దిగి కూర్చుంది. గట్టు మీద నిలబడ్డా చెరువే కనబడలేదు, ఇక చేపనెక్కడ ఎక్కించను?