అప్‌డేట్: పునరుత్థానం గురించి అడిగిన సహోద్యోగితో మళ్లీ మాట్లాడాను

యేసు తిరిగి లేచాడన్నది తరతరాల తర్వాత అల్లిన కథ అని నా సహోద్యోగి అంటున్నారు, ఎలా బదులివ్వాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ వందనాలు.

మీలో ఒకరు సూచించినట్టే యేసు జీవితాన్ని చెప్పే సువార్తలతో కాకుండా, బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) 15వ అధ్యాయంతో మొదలుపెట్టాను. తొలి క్రైస్తవ ప్రచారకుడైన పౌలు దాన్ని రాసింది దాదాపు క్రీ.శ. 55లో, అంటే సిలువ మరణం తర్వాత సుమారు పాతికేళ్లకే. పైగా యేసు లేచాడన్న సందేశం తనకు అంతకుముందే అందిందని ఆయనే చెబుతాడు. తిరిగి లేచిన యేసును ఐదు వందల మందికి పైగా చూశారని, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని రాశాడు. సహోద్యోగి ఫోనులో ఆ వచనాలు నెమ్మదిగా చదివి, "ఇది రుజువని ఒప్పుకోను, కానీ తరతరాల తర్వాత అన్న మాట వెనక్కి తీసుకుంటాను" అన్నారు. అంత నిజాయితీ నేను ఊహించలేదు.

ఆ తర్వాతే ఆయన నుంచి అసలు ప్రశ్న వచ్చింది. దేవుడుంటే తన తల్లి చివరి రోజుల్లో అంత నరకం ఎందుకు పడింది? అక్కడ వాదన పెట్టడం క్రూరత్వం అనిపించింది. చనిపోయిన తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడని మాత్రం చెప్పి, ఆవిడ గురించి అడిగాను. చాలాసేపు చెప్పారు.

లాజరు సంగతి ఉన్న యోహాను సువార్త 11వ అధ్యాయం కలిసి చదువుదామని ఆయనే అన్నారు. దానికి సులభమైన వ్యాఖ్యానం ఏదైనా తెలిస్తే చెప్పండి.